రెండు రోజుల కోర్సు, రెండు సీట్లు: పిల్లల అత్యవసర చికిత్స శిక్షణపై ఒక సమీక్ష

చెన్నైలోని పెరంబూరులో పది పడకల పిల్లల ఆసుపత్రి నడుపుతున్న డాక్టరును నేను. మా దగ్గరకు వచ్చేవారిలో సగం మందికి పైగా తెలుగువాళ్లే. తాతల కాలంలోనే వచ్చి వ్యాసర్పాడి, చూళై వైపు స్థిరపడినవారు కొందరైతే, సూళ్లూరుపేట, తడ వైపు నుంచి లోకల్ రైలెక్కి, బేసిన్ బ్రిడ్జిలో రైలు మారి, పిల్లలను భుజాన వేసుకుని వచ్చేవారు మరికొందరు. ప్రాణాపాయ స్థితిలో ఉన్న పసిపిల్లలను గుర్తించి, మొదటి గంటలో చేయవలసినది నేర్పే రెండు రోజుల కోర్సుకు ఈమధ్య నేనూ, మా సీనియర్ సిస్టరూ కలిసి వెళ్లాము. నగరంలోని ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రం దానిని నడుపుతోంది. ఒక్కొక్కరికి పది వేల పైచిలుకు ఖర్చయింది. కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు. నాకు నచ్చనివి వారికే ఉత్తరంలో రాసి పంపాను. ఎలాగూ ఇటువంటి కోర్సులు దాదాపు ఒకే పాఠ్యక్రమంతో చాలాచోట్ల జరుగుతున్నాయి, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా తన సొంత కోర్సులు నడుపుతోంది. కాబట్టి ఎక్కడ చేరబోయేవారికైనా ఈ సమీక్ష కొంత ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను.

నా వయసులో మళ్లీ తరగతి గదిలో కూర్చోవడానికి కారణం ఒక పాప. ఎనిమిది నెలల పిల్ల, రెండు రోజులుగా విరేచనాలు, మే నెల ఎండ. తడ నుంచి నాయనమ్మ ఎత్తుకుని వచ్చింది. "రాత్రంతా ఏడ్చి ఏడ్చి ఇప్పుడే నిద్రపోయింది డాక్టరమ్మా, లేపొద్దు" అని ఆమె అంటే, మేమూ లేపకుండానే మా వరుస ప్రకారం బరువు తూచాము, జ్వరం చూశాము, వేలికి ఆక్సీమీటరు తగిలించాము. ఆక్సీమీటరు అంకె చూపకుండా మినుకుమినుకుమంటుంటే బ్యాటరీ మార్చాము. రక్తపోటు 84 చూపింది, బాగానే ఉందనుకున్నాము. యంత్రంలో లోపమేమీ లేదని, పాప వేళ్లకు రక్తమే సరిగా అందడం లేదని, ఆ పిల్ల నిద్రపోవడం లేదని, స్పృహ తప్పుతోందని నాకు అర్థమయ్యేసరికి పది నిమిషాలు గడిచిపోయాయి. ఆ తరువాత నరం దొరకడానికి ఇంకో పావుగంట పట్టింది. పాప బతికింది, పెద్దాసుపత్రికి పంపితే ఐదో రోజున ఇంటికి వెళ్లింది. కానీ ఆ ఇరవై ఐదు నిమిషాలను తలచుకుంటే నాకు ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి.

కేంద్రం గురించి చెప్పవలసినవి తక్కువే. బ్యాచ్‌లో పద్దెనిమిది మందిమి ఉన్నాము. అందులో పదిమంది పీజీ విద్యార్థులు, నలుగురైదుగురు నా వంటి సొంత ఆసుపత్రుల వాళ్లు, మిగిలినవారు నర్సులు. కోర్సుకు వెళ్లే ముందే పుస్తకం చదివి ఒక ముందస్తు పరీక్ష రాసి పంపాలి. దానిని తేలికగా తీసుకోకండి, చదవకుండా వచ్చినవారు మొదటి రోజు మధ్యాహ్నానికే వెనుకబడిపోయారు. భోజనం బాగుంది. ఏసీ మాత్రం శాలువా కప్పుకునేంత చల్లగా పెట్టారు.

మొదటి రోజు ఉదయం పాఠమే ఈ కోర్సుకు ప్రాణం అని నా అభిప్రాయం. గుమ్మం దగ్గర నిలబడి, పిల్లను ముట్టుకోకుండా, ఏ పరికరమూ వాడకుండా, అర నిమిషంలో మూడు సంగతులు చూడమంటారు. పిల్ల తీరు ఎలా ఉంది, ఊపిరి తీయడానికి ఎంత కష్టపడుతోంది, చర్మం రంగు ఎలా ఉంది అన్నవే ఆ మూడు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2000 ప్రాంతంలో తన కోర్సు ద్వారా ప్రచారంలోకి తెచ్చిన త్రిభుజం ఇది. చదువుకునే రోజుల్లో నేనూ దీనిని బట్టీపట్టి పరీక్షలో రాసినదానినే. ఇక్కడ తేడా ఏమిటంటే, వరుసగా ఇరవైకి పైగా చిన్న చిన్న వీడియోలు చూపి, ఒక్కొక్కటి ఆగగానే "జబ్బుతో ఉందా, ప్రమాదంలో ఉందా?" అని మాత్రమే అడుగుతారు. జబ్బు పేరు చెప్పబోతే శిక్షకుడు చెయ్యెత్తి ఆపేస్తాడు. మొదటి ఐదారు వీడియోలకు పీజీ పిల్లలు న్యుమోనియా, ఉబ్బసం అంటూ పోటీ పడ్డారు. మా సిస్టరు మాత్రం ఒక వీడియోకు, "సార్, ఈ బాబు అమ్మ వంక చూడటం లేదు" అంది. అదే సరైన జవాబు. ఏడుస్తున్న బిడ్డను తల్లి ఎత్తుకున్నా ఊరుకోకపోవడం, ఎదురుగా బొమ్మ ఊపినా కళ్లు దాని వెంట తిరగకపోవడం, కాళ్లు చేతులు వేలాడిపోవడం అనేవి ఏ యంత్రం కంటేనైనా ముందుగా మెదడుకు రక్తమో ఆక్సిజనో చాలడం లేదని చెబుతాయి.

ఊపిరి విషయంలో మన భాషలో ఉన్నన్ని మాటలు ఆ పుస్తకంలో లేవని అక్కడ కూర్చున్నప్పుడు నాకు అనిపించింది. మన నాయనమ్మలు "పక్కలెగరేస్తున్నాడు" అంటే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతోందని అర్థం, "పిల్లికూతలు" అంటే ఊపిరి వదిలేటప్పుడు వచ్చే ఈల శబ్దం, "మూలుగుతోంది" అంటే ఊపిరితిత్తుల్లోని గాలి గదులు మూతపడకుండా పిల్ల తనంతట తాను గొంతు బిగించుకుంటోందని. ఈ మూడు మాటల్లో ఏది విన్నా పిల్లను లైనులో కూర్చోబెట్టకూడదు. ఇక లెక్క పెట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దులు ఉన్నాయి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, ఆ అంకె గానీ ఆపైన గానీ ఉంటే వేగమైన శ్వాసే. ఇది తెలిసినవారు చాలామందే ఉంటారు కానీ, వేగంగా పీలుస్తూ వచ్చిన పిల్ల చికిత్స ఏమీ లేకుండానే నెమ్మదించి, పక్కలెగరేయడం మాని, మగతగా పడుకుంటే అది తగ్గడం కాదని, అలసిపోవడమని, శ్వాస ఆగిపోయే దశ అదేనని శిక్షకుడు ఒకే బిడ్డ తాలూకు రెండు వీడియోలను పక్కపక్కన పెట్టి చూపించాడు. గదిలో ఎవరూ మాట్లాడలేదు.

తరువాత అంబూ బ్యాగుతో, అంటే మాస్కు తగిలించిన సంచిని చేత్తో పిండుతూ, ఊపిరి అందించడం. నేను ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనే కదా అని ధీమాగా బొమ్మ దగ్గరకు వెళ్లాను. ఆరు నెలల బిడ్డంత బొమ్మ, లోపల సెన్సరు, పక్కన తెర. నేను పిండిన ప్రతిసారీ తెర మీద గీత అవసరమైన దానికి రెండింతలు ఎగిరింది. పైగా నిమిషానికి 44 సార్లు పిండానని కూడా చూపింది. సిగ్గుపడ్డాను. ప్రతి రెండు మూడు సెకన్లకు ఒక ఊపిరి చాలు, అదీ ఛాతీ కాస్త లేచేంత వరకే. అంతకు మించితే గాలి పొట్టలోకి పోయి, పొట్ట ఉబ్బి, ఊపిరితిత్తులకే చోటు లేకుండా పోతుంది, గుండెకు తిరిగి రావలసిన రక్తమూ తగ్గుతుంది. "పిండండి, వదలండి, వదలండి" అని మెల్లగా పైకి అనుకుంటూ చేయమన్నారు. మా సిస్టరుకు ముందే మంచి పట్టు ఉంది. బొటనవేలు, చూపుడువేలు మాస్కు చుట్టూ గుండ్రంగా బిగించి, మిగిలిన మూడు వేళ్లతో దవడ ఎముకను పైకి లేపి పట్టుకుంది. వేళ్లు గొంతు కింది మెత్తటి భాగంలో నొక్కకుండా ఎముక మీదే ఉండాలని మాత్రం ఆమెకు కొత్తగా చెప్పారు. పసిబిడ్డ తల వెనుక భాగం పెద్దది కాబట్టి వెల్లకిలా పడుకోబెడితే గడ్డం ఛాతీకి ఆనుకుని గొంతు ముడుచుకుపోతుంది, అందుకు భుజాల కింద మడిచిన తువ్వాలు పెట్టాలి. తువ్వాలు పెట్టకముందు, పెట్టాక, అదే బొమ్మకు అదే చేతితో ఊపిరి ఇచ్చి చూస్తే తేడా కళ్ల ముందే కనిపించింది. ఈ అరగంట కోసమే అయినా ఆ డబ్బు ఇవ్వవచ్చు.

షాక్ (అవయవాలకు రక్తం చాలని స్థితి) గురించిన పాఠం నాకు ఆ ఎనిమిది నెలల పాపను మళ్లీ చూపించింది. ఒంట్లో నీరు, రక్తం తగ్గినప్పుడు పిల్లల శరీరం రక్తనాళాలను బిగించి, గుండెను పరుగు పెట్టించి రక్తపోటును చివరిదాకా నిలబెడుతుంది. అందుకే రక్తపోటు పడిపోయిన పిల్లను చూసి షాక్ అని గుర్తించడం అంటే ఇల్లంతా కాలాక పొగ వాసన పట్టడం వంటిది. ఏడాది లోపు బిడ్డకు పై రక్తపోటు 70కి తగ్గితే, ఏడాది నుంచి పదేళ్ల వరకు వయసుకు రెండింతలు చేసి 70 కలిపితే వచ్చే అంకెకు తగ్గితే, అప్పటికే చాలా ఆలస్యమైందని అర్థం. ముందుగా పట్టిచ్చేవి వేరే ఉన్నాయి: ఏడుపు మానినా తగ్గని గుండె వేగం, చల్లబడ్డ పాదాలు, అందీ అందని మణికట్టు నాడి, తగ్గిన మూత్రం, ఛాతీ మీద ఐదు సెకన్లు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి రెండు సెకన్లు దాటడం. మా పాపకు 84 ఉంది. పాదాలు ఎంత చల్లగా ఉన్నాయో మేము చివరన చూశాము.

సెలైన్ ఎంత ఎక్కించాలన్న చర్చ మాత్రం ఈ కోర్సులో నేను ఊహించినదానికంటే నిజాయితీగా సాగింది. మా తరానికి నేర్పింది కిలోకు 20 ఎంఎల్ చొప్పున వరుసగా దంచమని. 2011లో కెన్యా, ఉగాండా, టాంజానియాలలో మూడు వేలకు పైగా పిల్లలపై జరిగిన ఫీస్ట్ అధ్యయనంలో, జ్వరంతో రక్తప్రసరణ దెబ్బతిని వచ్చిన పిల్లలకు వేగంగా ద్రవం ఎక్కించిన గుంపుల్లో 48 గంటల లోపు మరణాలు 10 శాతానికి పైగా ఉంటే, ఎక్కించని గుంపులో 7 శాతం చిల్లర ఉన్నాయి. తీవ్రమైన విరేచనాలతో నీరసించిన పిల్లలను ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు కాబట్టి మా పాప వంటివారికి అది వర్తించదు, అటువంటివారికి ద్రవం వేగంగా పోవలసిందే. కానీ జ్వరం, సెప్సిస్ (ఒళ్లంతా దెబ్బతీసే ఇన్ఫెక్షన్), రక్తహీనత, గుండె బలహీనత ఉన్నవారి దగ్గర చెయ్యి కాస్త ఆగాలి. కిలోకు పది ఎంఎల్ ఇచ్చిన ప్రతిసారీ ఆగి, కాలేయం కిందికి దిగిందా, ఊపిరితిత్తుల అడుగున చిటపటలు వినిపిస్తున్నాయా అని చూసి, అప్పుడే తరువాతి పది గురించి ఆలోచించమన్నారు. మా టేబుల్ శిక్షకుడు ఎగ్మోరులోని పిల్లల పెద్దాసుపత్రిలో శిక్షణ పొందినవాడు. సెలైన్ సీసా వేలాడదీసి వెళ్లిపోయే అలవాటును మాన్పించడానికి యాభై ఎంఎల్ సిరంజితో చేత్తో తోయించాడు. చేత్తో తోస్తే ఎంత పోయిందో మరచిపోలేము.

నరం దొరకని పిల్లకు మోకాలి కింద ఎముకలోకి సూది వేయడం నేర్పడానికి పచ్చి కోడి కాళ్లు తెప్పించారు. మా బ్యాచ్‌లో శాకాహారి డాక్టరు ఒకాయన చేతికి రెండు జతల గ్లౌజులు వేసుకుని, ముఖం పక్కకు తిప్పుకుని వేశాడు. ఆశ్చర్యం, అందరికంటే ముందు ఆయన సూదే కదలకుండా నిలబడింది. మోకాలి కింది గుబ్బ నుంచి ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికి, లోపలి వైపు చదునుగా ఉన్న ఎముక మీద సూదిని నిలువుగా పెట్టి తిప్పుతూ తోస్తే, ఒక్కసారిగా పట్టు వదిలినట్టు తెలుస్తుంది. అక్కడ ఆగాలి. సెలైనూ, ఆగిపోతున్న గుండెకు ఇచ్చే అడ్రినలినూ, రక్తమూ అన్నీ ఆ దారిన వెళతాయి. మా పాప దగ్గర పోగొట్టుకున్న ఆ పావుగంట నా అజ్ఞానం వల్ల కాదు, ఈ పని గురించి చదివి కూడా ఎన్నడూ చేసి చూడకపోవడం వల్ల.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రెండో రోజు ఉదయం అందరినీ ఆరుగురేసి జట్లుగా విడగొట్టి, బొమ్మను ప్రాణాపాయంలో ఉన్న బిడ్డగా భావించి చికిత్స చేయమంటారు. నన్ను నాయకురాలిని చేశారు. మా సిస్టరు మందుల ట్రే దగ్గర నిలబడింది. ఏడు కిలోల బిడ్డ, ఆక్సిజన్ ఇస్తున్నా గుండె నిమిషానికి 60 కంటే తక్కువగా కొట్టుకుంటోంది, ఒళ్లు పాలిపోయింది. ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టించాను. నొక్కడానికి ఒకరు, ఊపిరి ఇవ్వడానికి ఒకరు ఉన్నారు కాబట్టి 15 నొక్కులకు 2 ఊపిరులు. "అడ్రినలిన్ పాయింట్ ఏడు ఎంఎల్ ఇవ్వండి" అన్నాను. ఆమె ఒక్క క్షణం సిరంజి పట్టుకుని నా వంక చూసింది, తరువాత ఇచ్చేసింది. శిక్షకుడు గడియారం ఆపాడు.

"సిస్టర్, అందులో ఉన్నది పలచన చేసిందా, చేయనిదా?" అని అడిగాడు. చేయనిది. మన దగ్గర దొరికే అడ్రినలిన్ ఆంపూల్‌లో ఒక ఎంఎల్‌కు ఒక మిల్లీగ్రాము ఉంటుంది. దానికి తొమ్మిది ఎంఎల్ సెలైన్ కలిపి, అలా పలచనైన దానిలోంచి కిలోకు 0.1 ఎంఎల్ ఇవ్వాలి. నేను చెప్పిన అంకె పలచన చేసినదానికి సరిపోతుంది, సిరంజిలో ఉన్నది మాత్రం పదింతల మోతాదు. "మీకు అనుమానం వచ్చిందా?" అని మళ్లీ అడిగాడు. "వచ్చింది సార్" అంది. "మరి ఎందుకు అడగలేదు?" దానికి ఆమె తల దించుకుని, "మేడమ్ చెప్పారు కదా సార్" అంది.

పదకొండు ఏళ్లుగా ఆమె నా దగ్గర పనిచేస్తోంది. నాకు తెలియకుండా ఇలా ఎన్నిసార్లు జరిగి ఉంటుందో అని ఆ పూటంతా నాకు భోజనం సయించలేదు. తప్పు నాది, ఆమెది కాదు. మందు పేరు, గాఢత, మోతాదు, ఏ దారిన ఇవ్వాలో నాలుగూ చెప్పాలి, నేను పేరు, మోతాదు మాత్రమే చెప్పాను. చెప్పినది ఆమె తిరిగి నాకు వినిపించే పద్ధతి మా దగ్గర లేదు, అనుమానం వస్తే గట్టిగా అడగవచ్చన్న ధైర్యం నేను ఆమెకు ఇవ్వలేదు. శిక్షకుడు మాకు అదే సన్నివేశాన్ని మరో మూడుసార్లు చేయించాడు. మూడోసారి ఆమె, "మేడమ్, పలచన చేసినది పాయింట్ ఏడు ఎంఎల్, ఐవీ, ఇస్తున్నాను" అని, ఇచ్చాక "ఇచ్చాను, టైము పది నలభై రెండు" అని గది మారుమోగేలా చెప్పింది. మూడు నుంచి ఐదు నిమిషాలకు ఒకసారి ఆ మందు మళ్లీ ఇవ్వాలి కాబట్టి ఆ టైము ఎవరో ఒకరు పట్టుకోవాలి. నేను ఒక్కదాన్నే ఈ కోర్సుకు వెళ్లి ఉంటే సర్టిఫికెట్ తెచ్చుకుని గోడకు తగిలించేదాన్ని, ఆ సిరంజి కథ మాత్రం నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. కాబట్టి నా సలహా ఒక్కటే: మీతో పనిచేసే నర్సుకు కూడా సీటు కొనండి, ఆమెను మీ జట్టులోనే వేయమని ముందుగానే అడగండి.

ఫిర్యాదులు చిన్నవి కావు. కేంద్రం ఇచ్చిన పుస్తకం పాతది. ఏడాది లోపు బిడ్డకు ఒక్కరే సీపీఆర్ (ఛాతీ నొక్కి, ఊపిరి ఇవ్వడం) చేస్తున్నప్పుడు రెండు వేళ్లతో నొక్కే చిత్రం అందులో ఇంకా ఉంది. 2025 అక్టోబరులో వెలువడిన అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మార్గదర్శకాలు ఆ పద్ధతిని తీసేసి, రెండు బొటనవేళ్లతోనో, ఒక అరచేతి మడమతోనో నొక్కమంటున్నాయి. రెండు వేళ్లతో కావలసిన లోతు, అంటే ఛాతీ మందంలో మూడో వంతు, సుమారు నాలుగు సెంటీమీటర్లు, రాదు. శిక్షకులు నోటితో సరిచేశారు, కానీ నర్సులు ఇంటికి తీసుకువెళ్లి మళ్లీ మళ్లీ చూసుకునేది పుస్తకాన్నే కదా.

బొమ్మలు రెండే సైజులు, రెండూ బొద్దుగా ఉన్నాయి. పొడవును బట్టి బరువు చెప్పే రంగుల టేపును గొప్పగా చూపించారు గానీ, సన్నగా ఉండే మన పిల్లల బరువును అది ఎక్కువగా చూపే అవకాశం ఉందని నేను అడిగాకే ఒప్పుకున్నారు. తూకం వేయగలిగిన పిల్లను తూచడమే మేలు. వేయలేనప్పుడు ఏడాది నుంచి ఆరేళ్ల వరకు బిడ్డకు వయసును రెండింతలు చేసి ఎనిమిది కలుపుకునే మన పాత లెక్క ఉండనే ఉంది.

గుండె లయ తప్పే జబ్బులకు, గుండెకు కరెంటు షాకు పెట్టే యంత్రానికి పూట మొత్తం పోయింది. కిలోకు 2 జౌల్స్, తరువాత 4 అంటూ బాగానే నేర్పారు. అయితే పిల్లల గుండె ఆగడానికి చాలావరకు కారణం గుండె కాదు, ముందు ఊపిరో రక్తప్రసరణో దెబ్బతిని, ఆక్సిజన్ అందక, గుండె నెమ్మదించి ఆగిపోవడం. ఆ సంగతి వాళ్లే మొదటి గంటలో చెప్పారు. చెప్పిన దానికి తగ్గట్టు సమయం పంచలేదు.

అన్నింటికంటే బాధ కలిగించినది డెంగీకి ఇరవై నిమిషాలు మాత్రమే ఇవ్వడం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడే ఈ నగరంలో మా వార్డును నింపేది అదే. జ్వరం తగ్గిందని ఇల్లంతా ఊపిరి పీల్చుకున్న నాలుగో రోజునో ఐదో రోజునో రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారడం మొదలై, పిల్ల చేతులు చల్లబడతాయి. పై రక్తపోటు 100, కింది రక్తపోటు 82 అంటే చూడటానికి బాగానే ఉన్నట్టుంటుంది, కానీ తేడా 18. అది 20 లేదా అంతకు తగ్గితే షాకే. కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత, చిగుళ్ల నుంచి రక్తం అనే హెచ్చరికలను తల్లులకు చెప్పి పంపడం ఎలాగో ఒక గంట నేర్పి ఉంటే బాగుండేది. చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన ఒక డాక్టరు ఎర్రతేలు కుట్టిన పిల్లల గురించి అడిగితే, అది సిలబస్‌లో లేదన్నారు. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊళ్లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ అనే మందు వాడి తేలుకాటు మరణాలను ఎలా తగ్గించారో, కిలోకు 30 మైక్రోగ్రాములు నోటి ద్వారా ఎలా ఇస్తారో మేము సాంబారన్నం తింటూ మాలో మేమే చెప్పుకున్నాము. ఆ భోజనాల బల్ల దగ్గర జరిగిన పాఠం కొన్ని తరగతుల కంటే బాగుంది.

భాష మరో ఇబ్బంది. వీడియోలు, పరీక్ష అంతా ఇంగ్లీషే. శిక్షకులు నర్సుల కోసం తమిళంలోకి దిగేవారు, మా సిస్టరుకు తమిళం వచ్చు కాబట్టి నెట్టుకొచ్చింది. నెల్లూరు వైపు నుంచి వచ్చిన మరో తెలుగు నర్సుకు రాదు. ఆమెకు మధ్యాహ్నం నుంచి నేనే పక్కన కూర్చుని చెప్పాను. పని చేతకాక కాదు, ప్రశ్న అర్థంకాక ఆమె రాతపరీక్ష మళ్లీ రాయవలసి వచ్చింది.

తిరిగి వచ్చాక మా ఆసుపత్రిలో మారినవి కొన్నే. వరుస మారింది. ఇప్పుడు తూకానికి ముందు సిస్టరు పిల్ల పాదం పట్టుకుని చూస్తుంది, నిద్రపోతోందని ఎవరు చెప్పినా లేపుతుంది. నాయనమ్మలు విసుక్కుంటున్నారు. ఎముక సూదులు రెండు కొన్నాము. పెద్దవాళ్ల అంబూ బ్యాగుతో సర్దుకుపోతున్నవాళ్లం, పిల్లల సైజు బ్యాగు, మూడు సైజుల మాస్కులు తెప్పించాము. ఫిట్స్‌తో వచ్చిన పిల్లకు నరం కోసం వెతక్కుండా ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రేను ట్రాలీ పై అరలో పెట్టాము. మూడు కిలోల నుంచి ఇరవై కిలోల దాకా పలచన చేసిన అడ్రినలిన్ ఎంత ఇవ్వాలో సిస్టరు తన చేత్తో తెలుగులో ఒక కాగితం మీద, తమిళంలో ఇంకో కాగితం మీద రాసి, ట్రాలీ మూత లోపలి వైపు టేపుతో అంటించింది. తమిళ కాగితం రాత్రి డ్యూటీ చేసే సిస్టరు కోసం.

సర్టిఫికెట్ గడువు రెండేళ్లు. అంతవరకు ఆగకుండా ఈసారి ఆ రాత్రి సిస్టరుకు సీటు కడుతున్నాను. నర్సులకు పూర్తిగా తమిళంలోనే చెప్పే శిక్షకులు ఉన్న బ్యాచ్ ఎప్పుడు పెడతారని ఉత్తరం చివరన అడిగాను, జవాబు రావలసి ఉంది.